వెళ్ళేటప్పటి ఫొటోలు

మామగారు తనను నోరు తెరిచి ఏదైనా అడగడం ఫొటోగ్రాఫరుకు అదే మొదటిసారి.

"అల్లుడు గారూ, వచ్చే వారం నా ఆఖరి ట్రిప్పు. కొండ పైదాకా వెళ్ళి రావడమే. మీరు వచ్చి నాలుగు ఫొటోలు తీస్తే బాగుంటుంది" అన్నాడు ఆయన, చెప్పులు విడవకుండా స్టూడియో గుమ్మంలోనే నిలబడి. మాట అయిపోగానే వెళ్ళిపోయాడు. ఖాకీ చొక్కా వీపు చెమటకు తడిసి, సీటు ఆనే మేర వెలిసిపోయి ఉంది.

ఆయన బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఆ ఒక్క కొండదారి మీదే గడిచింది. పెళ్ళి మాటలప్పుడు పిల్లవాడు ఏం చేస్తాడని అడిగి, ఫొటోలు తీస్తాడని చెబితే, "నీడపట్టున కూర్చుని చేసేది కూడా పనేనా" అన్నాడు. అన్నవాడు మర్చిపోయి ఉంటాడు. పడ్డవాడు మర్చిపోలేదు. అందుకే ఈ నాలుగు ఫొటోలు తీసి, నా పని కూడా పనేనని ఆయన చేతే అనిపించాలని ఫొటోగ్రాఫరుకు గట్టిగా పట్టుకుంది.

ఊళ్ళో అతన్ని "కదలకు" అంటారు. ఫొటో తీసే ముందు ఎవరికైనా చెప్పేది ఆ ఒక్క మాటే. రీలు కెమెరా నుంచి డిజిటల్ కెమెరాకు ఆలస్యంగా వచ్చాడు. వచ్చినా పాత అలవాట్లు పోలేదు. కెమెరా వెనక చిన్న తెర ఉంటుంది, తీసిన ఫొటో వెంటనే చూసుకోవడానికి. దాని మీద నల్ల టేపు అంటించేశాడు. కడగకముందే రీలు తెరిచి చూసేవాడు రీలును చంపేస్తాడని పని నేర్పినాయన చెప్పిన మాట. ఇప్పుడు కడిగేదీ లేదు, వెలుగు పడి పాడయ్యేదీ లేదు. అయినా తీసినదాన్ని ఇంటికి చేరకముందే చూడటం అతనికి చిన్నతనం. "నా చేతి మీద నాకు నమ్మకం లేకపోతే కదా చూసుకోవడం" అనేవాడు.

పాస్‌పోర్టు సైజు ఫొటోలకు సరిపోయే చిన్న మెమరీ కార్డు ఒక్కటే ఉంది అతని దగ్గర. రోజంతా తీయాలంటే చాలదు. భార్యను వెంటబెట్టుకుని కెమెరా కొట్టుకు వెళ్ళాడు.

కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేసుకుంటుంది. బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, కార్డులు ఒక్కొక్కటే పెట్టింది. గోరంత ఉన్నాయి.

"ఇవి చిన్నవి, తక్కువ పడతాయి. ఇవి పెద్దవి. ఇదిగో ఈ వరస చురుకైనవి, టకటకా వరసగా తీసినా తడబడవు. కదిలే బస్సులో అంటున్నారు కాబట్టి ఇవి తీసుకోండి. అది కూడా పెద్దది ఒకటి కాకుండా చిన్నవి నాలుగు. ఒకటి పాడైనా మూడుంటాయి. విత్తనమంతా ఒకే మడిలో చల్లరు కదా?"

అతని చూపు గాజు బీరువాలోకి పోయింది. "అదేమిటి?"

"ఫొటోలు దాచే పెట్టె. కంప్యూటరు లేని చోట పనికొస్తుంది. కార్డు ఇందులో దూర్చి మీట నొక్కితే ఫొటోలన్నీ ఇందులోకి దిగిపోతాయి. అప్పుడు కార్డు చెరిపేసి మళ్ళీ వాడుకోవచ్చు. సొంత బ్యాటరీ ఉంది."

అరచేతిలో ఇమిడింది. బరువుగా ఉంది. ముందువైపు తెర, పక్కన చిన్న దీపం. చేతిలో పట్టుకుంటే మనిషికి ఒక హోదా వచ్చినట్టే ఉంది.

"ముందు కార్డులు తీసుకుందామండీ" అంది భార్య మెల్లగా. "నిండినవి నిండినట్టే డబ్బీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాం. చెరిపే పనే ఉండదు."

కొట్టావిడ ఆమెవైపు చూసి తలూపింది. ఆ ఊపడమే చేటు తెచ్చింది.

"స్టూడియో నాదా నీదా?" అన్నాడతను. పెట్టె ఒకటి, కార్డు ఒకటి కట్టమన్నాడు.

పొట్లం కడుతూ ఆవిడ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "దీపం మిణుకుతుంటే ఇంకా దిగుతున్నట్టు. పచ్చగా నిలకడగా వెలిగితే దిగినట్టు. దిగాక తెర మీద ఒకసారి చూసుకుని, అప్పుడు కార్డు చెరపండి. బ్యాటరీ నిండుగా ఉండేట్టు చూసుకోండి, ఫొటోలు దించేటప్పుడు బాగా తాగుతుంది."

వినవలసిన అవసరం లేనివాడిలా విన్నాడు. కానీ విన్నాడు. అది తర్వాత అతనికి బాగా గుర్తుకు వచ్చింది.

బయల్దేరే ముందటి రోజు సాయంత్రం ఆ పెట్టెను వీధంతా చూసింది. పాత ఫొటోలు అందులో నింపి, దర్జీకి చూపించాడు, సైకిలు షాపతనికి చూపించాడు, మందుల కొట్లో కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చూపించాడు. ఇంటికి వచ్చాక, "చార్జింగు పెట్టనా?" అంది భార్య.

"నిన్న రాత్రంతా పెట్టిందే కదా. నిండుగానే ఉంది."

మర్నాడు బస్సు బయల్దేరేసరికి డిపోలో మెకానిక్కులందరూ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. అతను ముందు ఖాళీ షెడ్డు తీశాడు, టైర్లు తీశాడు, మామగారు అద్దం తుడుస్తుంటే తీశాడు. అప్పుడు అతని భార్యతో కలిసి అత్తగారు వచ్చింది.

ఆవిడ మొగుడి బస్సు ఎక్కడం అదే మొదలు. కొండ మలుపులంటే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. ఇన్నేళ్ళూ కిందే ఉండి క్యారేజీ అందించింది తప్ప మెట్టు మీద కాలు పెట్టలేదు. ఆ రోజు కొత్త చీర కట్టుకుని, ముందు సీట్లో, డ్రైవరు పక్కగా కూర్చుంది. కండక్టరు టికెట్టు కొట్టి ఆవిడ చేతికిచ్చాడు. అతన్ని అందరూ "రైట్‌రైట్" అంటారు.

"చూశారా అమ్మగారూ, సారు బస్సే అయినా టికెట్టు టికెట్టే. దిగాల్సిన చోటు వస్తే నేను చెబుతాను, నిద్రపోకండి."

"నీ మొహం, నిద్రెక్కడ పడుతుందిరా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటేను" అందావిడ. మామగారు అద్దంలో ఆవిడను చూసి నవ్వాడు. ఆ నవ్వు ఫొటోగ్రాఫరు తీశాడు. పళ్ళు కనపడేట్టు మామగారు నవ్వడం అతను అంతకుముందు చూడలేదు.

ఆ రోజు పైకి వెళ్ళే దారంతా జనమే. ఆఖరి ట్రిప్పు అని కబురు ముందే పాకింది. క్వారీ దగ్గర రాళ్ళు కొట్టేవాళ్ళు రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సు ఆపి, రేకును దబదబా చరిచారు. బడి దగ్గర పిల్లలు కిటికీల్లోంచి చేతులు పెట్టి ఆయన మోచేతిని ముట్టుకున్నారు. పురుటి నొప్పులు పడుతుంటే ఆయన బస్సు వెనక్కి తిప్పి ఆసుపత్రికి చేర్చిన ఒకామె, ఆ పుట్టిన కొడుకును తీసుకుని మలుపులో నిలబడింది. కొడుక్కు మీసాలొచ్చాయి. వాడు సిగ్గుపడుతూ డ్రైవరుకు చెయ్యి అందించాడు. ఫొటోగ్రాఫరు అన్నీ తీశాడు. ఒక్కదానికి కూడా "కదలకు" అనే అవసరం రాలేదు.

పైన ఆఖరి స్టాపులో కార్డు నిండింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు. అతను కార్డు పెట్టెలో దూర్చి మీట నొక్కాడు. దీపం మిణుకు మిణుకుమంది. పెట్టెను సంచిలో పెట్టి భార్య ఒళ్ళో ఉంచాడు.

"కదిలించకు."

"నన్ను కూడా ఫొటో తీస్తున్నారా?" అంది ఆమె. కండక్టరు పకపకా నవ్వాడు.

తిని వచ్చి చూస్తే దీపం ఆరిపోయి ఉంది.

అతను ఒక్క క్షణం ఆగాడు. పచ్చగా వెలగాలి కదా అని తట్టింది. వెలిగి వెలిగి ఆరిపోయి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. కింద ఇంజను మొదలైంది.

"ఒకసారి తెర మీద చూడకూడదూ?" అంది భార్య.

చుట్టూ కండక్టరు ఉన్నాడు, మామగారు ఉన్నాడు. "రీలు మధ్యలో తెరిచి చూసేవాడు ఫొటోగ్రాఫరేనా?" అన్నాడు అందరికీ వినపడేట్టు. కార్డును కెమెరాలో పెట్టి చెరిపేశాడు.

దిగేటప్పుడు దారి బోసిగా ఉంది. వచ్చినవాళ్ళు పనులకు వెళ్ళిపోయారు. అత్తగారు వాంతులతో వెనక సీట్లో పడుకుంది. అయినా అతను తీస్తూనే ఉన్నాడు, కార్డు మళ్ళీ నిండేదాకా. ఖాళీ స్టాపులు, మామగారి వీపు, అద్దం మీద పురుగుల మరకలు.

ఇంటికి వచ్చాక పెట్టెకు చార్జింగు పెట్టి కార్డును దించాడు. ఈసారి దీపం పచ్చగా నిలబడింది. అప్పుడు కూడా తెరిచి చూడలేదు. మామగారి ముందే తెరవాలని.

మర్నాడు మామగారి ఇంట్లో పెట్టెను టీవీకి తగిలించారు. అత్తగారు, మరదలు, కండక్టరు, అతని పెళ్ళాం, పక్కింటివాళ్ళు ఇద్దరు, అందరూ చాప మీద కూర్చున్నారు. మామగారు ఒక్కడే కుర్చీలో. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

ఖాళీ షెడ్డు వచ్చింది. టైర్లు వచ్చాయి. అద్దం తుడవడం వచ్చింది. తర్వాతి దాంట్లో అత్తగారి తల, నుదురు, కళ్ళు ఉన్నాయి. ముక్కు దగ్గర్నుంచి కిందికి అంతా బూడిద రంగు. గోడకు సున్నం కొట్టినట్టు.

"అదేంటే, నా నోరు మూసేశారు?" అంది అత్తగారు. అందరూ నవ్వారు.

ఆ తర్వాతిది ఖాళీ స్టాపు. తిరుగు దారి.

అతను వెనక్కి నొక్కాడు, ముందుకు నొక్కాడు. షెడ్డు, టైర్లు, అద్దం, సగం మొహం, ఖాళీ స్టాపు. మందుల కొట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం కళ్ళ ముందుకు వచ్చింది. దీపం ఎందుకు ఆరిందో అప్పటికప్పుడే తెలిసిపోయింది.

"క్వారీ వాళ్ళేరి బావా?" అంది మరదలు.

"నేను ముందు సీట్లో కూర్చున్నది ఏదయ్యా?" అంది అత్తగారు.

మామగారు టీవీ వైపు నుంచి అల్లుడి వైపు మెల్లగా తల తిప్పాడు. పెళ్ళి మాటల రోజు చూసిన చూపే అనిపించింది ఫొటోగ్రాఫరుకు. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"సంచి మీ అమ్మాయి ఒళ్ళో ఉంది. కదిలించొద్దని చెప్పాను. ఏం నొక్కిందో ఏమో."

గదిలో ఎవరూ కదల్లేదు. భార్య అతని మొహంలోకి చూసింది. కోపంగా కాదు. కొత్తగా అద్దెకు దిగినవాణ్ణి చూసినట్టు చూసింది. నోరు తెరవలేదు.

"నీకు చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాడు మామగారు కూతురితో. "చేతులు ఊరుకోవు. రేడియో విప్పావు, గడియారం విప్పావు. ఇవాళ నా బతుకంతా విప్పి పారేశావు."

"పోనీలే నాన్నా" అంది మరదలు. "అక్కయ్య కావాలని చేసిందా?" అలా అనడంతో చేసినట్టే అయిపోయింది. కండక్టరు పెళ్ళాం నాలుక చప్పరించింది. భార్య లేచి, వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు తాగి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత స్టూడియోలో వాళ్ళిద్దరి మధ్య పని మాటలే మిగిలాయి. ఆమె ఫొటోలు అంచులు కత్తిరించేది, కవర్లలో పెట్టేది, వచ్చినవాళ్ళకు ఇచ్చేది. కత్తెర బల్ల చప్పుడు మునుపటిలాగే ఉంది. అతనికే అది వేరేగా వినపడింది. తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. గిరాకీ కూర్చుంటే "కదలకు" అనడానికి కూడా నోరు రాలేదు. ఆ మాట ఆమెతో ఎలా అన్నాడో, తర్వాత దాన్నే ఎలా వాడుకున్నాడో గుర్తొచ్చేది. దర్జీ పిలిచి, "ఏం కదలకూ, మీ ఆవిడ పెట్టె పాడుచేసిందటగా" అన్నాడు సానుభూతిగా. ఆ మాట వీధికి కూడా చేరిందన్నమాట. అతను అవునని అనలేదు, కాదనీ అనలేదు. కాదనకపోవడం ఇంకో అబద్ధమని దర్జీ గుమ్మం దిగాక తెలిసింది.

కార్డు పట్టుకుని కెమెరా కొట్టుకు వెళ్ళాడు. చెరిగిన ఫొటోలు ఏవైనా దొరికితే తానన్న మాట ఎలాగోలా మాసిపోతుందని ఆశ.

కొట్టావిడ కార్డును కంప్యూటరులో పెట్టి చాలాసేపు చూసింది. "ఊరికే చెరిపి ఉంటే తీసేదాన్ని. చెరిపాక దీని నిండా మళ్ళీ తీశారు. దున్ని విత్తేసిన పొలంలో పాత చాలు ఎక్కడ వెతకను?" కళ్ళజోడు వదిలేసి అడిగింది. "ఇంతకీ దీపం పచ్చగా వెలిగిందా?"

"ఆరిపోయింది."

"ఆరిపోతే అయిపోయినట్టని మీకెవరు చెప్పారు?"

అతను కార్డు జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పు నాదే. బ్యాటరీ అయిపోయింది. నువ్వు ఏమీ నొక్కలేదు."

"నాకు తెలుసు" అంది ఆమె, పొయ్యి వైపే చూస్తూ.

"తెలిసి మరి అక్కడ ఎందుకు ఊరుకున్నావు?"

"మా వాళ్ళ ముందు మీ పరువు నేనెందుకు తీయాలని ఊరుకున్నాను. నా పరువు సంగతి మీరు చూసుకుంటారేమో అని కూడా ఊరుకున్నాను." మూత పెట్టి వెనక్కి తిరిగింది. "చూసుకున్నారుగా."

అతనికి తల తీసేసినట్టయింది. అప్పుడే బయల్దేరి మామగారి ఇంటికి వెళ్ళాడు. ఆయన పెరట్లో ఒక్కడే, తోమిన బకెట్లనే మళ్ళీ తోముతున్నాడు. పని లేని చేతులు. అల్లుడు నిలబడే అంతా చెప్పాడు. వీధిలో పెట్టె చూపించుకు తిరగడం, దీపం, చూడమని ఆమె అనడం, అందరికీ వినపడేట్టు తాను అన్న మాట.

మామగారు బకెట్టు బోర్లించాడు. బ్రష్షు దాని మీద పెట్టాడు.

"ఫొటోలు పోతే పోయాయి. ఆ దారి నేను కళ్ళతో చూశాను. నా పిల్లను నేనన్న మాట ఉంది చూడండి, అది ఏ పెట్టెలోంచి చెరపాలి?" తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఆ మాట అన్నది నలుగురిలో. మీరు చెప్పేది పెరట్లో. ఇది సరిపోతుందా అల్లుడు గారూ?"

సరిపోదని అతనికి దారిలోనే తెలుసు. ఆయన నోటితో వినేదాకా ఆగాడంతే.

ఆదివారం అతనే తిరిగి అందరినీ పిలిచాడు. తిరుగు దారి ఫొటోలు కాగితం మీద వేశాను, చూద్దురుగాని రండి అని. దర్జీని కూడా పిలిచాడు. అదే గది, అదే చాప. భార్య తల్లి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. రానంది మొదట. ఏమనుకుందో వచ్చింది.

"కదలకు గారు మళ్ళీ పిలిచారంటే, ఈసారి బస్సే మాయమైందేమో" అన్నాడు కండక్టరు. ఎవరూ సరిగా నవ్వలేదు.

అతను టీవీ ముందు నిలబడ్డాడు. కెమెరా వెనక ఉన్నప్పుడు మనుషుల కళ్ళు ఇంత బరువని అతనికి ఎప్పుడూ తెలియలేదు. ఎవరి వైపు చూడాలో తెలియక చాప అంచు చూశాడు.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అన్నాడు. చాప అంచు మీంచి తలెత్తి మళ్ళీ మొదలుపెట్టాడు. "తను ఏమీ నొక్కలేదు. బ్యాటరీ నేను ఖాళీ చేశాను, ఊరంతా చూపించుకుంటూ. చూడమంటే చూడలేదు. అసలు ఆ పెట్టే వద్దంది తను, కార్డులు కొనుక్కుందామంది. పోయింది నావల్లే. పోయిందని తెలిసిన నిమిషంలోనే ఎవరివల్లో కూడా తెలుసు. తెలిసే అన్నాను."

చివరి మాటకు దర్జీ తల దించుకున్నాడు. మరదలు మాత్రం దించుకోలేదు.

"బాగుంది బావా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అయినా మద్దెలకు నోరుంది, అదే వింత. నోరుండీ ఊరుకుంది."

"ఒసే, నువ్వూరుకో" అంది అత్తగారు. ఆవిడ బాధ వేరేది. "అయితే నేను ముందు సీట్లో కూర్చున్నానంటే ఇక ఎవరూ నమ్మరన్నమాట."

"నేను నమ్ముతానమ్మగారూ" అన్నాడు కండక్టరు. "టికెట్టు కొట్టింది నేనేగా."

ఈసారి నవ్వారు. ఫొటోగ్రాఫరు నవ్వలేదు. ఆ నవ్వు తనను వదిలిపెట్టడానికి కాదని తెలుసు.

మామగారు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "అమ్మా, ఆ రోజు నేను కూడా..."

"నాన్నా, మీరు కూడా లేచి నిలబడకండి" అంది కూతురు. "ఇద్దరూ వరసగా నిలబడితే నేను ఏడుస్తాను. నాకిష్టం లేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కాగితం ఫొటోల కవరు ఆమె చేతికే వచ్చింది. ఒక్కొక్కటే తీసి పక్కవాళ్ళకు అందించింది. ఖాళీ స్టాపు. మామగారి వీపు. అద్దం మీద మరకలు. "ఇదే క్వారీ" అని ఎవరో అంటే, రేకు మీద ఎలా చరిచారో కండక్టరు నేల మీద చరిచి చూపించాడు. మీసాల కుర్రాడి గురించి అత్తగారు మొదలుపెట్టింది. ఉన్న ఫొటోల మీద లేని ఫొటోలు చెప్పుకుంటున్నారు. అతను మాత్రం టీవీ ముందు అలాగే నిలబడిపోయాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ అనలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కవరు సగం అయ్యాక భార్య తలెత్తి చూసింది. ఆ రోజు తర్వాత అతని మొహంలోకి చూడడం అదే మొదటిసారి. చూపు మెత్తబడలేదు.

"కూర్చోండి" అంది. "అలా నిలబడితే, మర్చిపోదామనుకున్నవాళ్ళు కూడా మర్చిపోరు."

అతను గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఫొటోలు అక్కడిదాకా రావడానికి చాలాసేపు పట్టింది.